అమ్మ గుండ్రాయి మీది తెల్ల గీత

ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను మిత్రులారా. నా బంగారుతల్లి, నా కూతురు, ఇన్నేళ్లకు నన్ను విశాఖకు పిలుచుకొచ్చి సముద్రం చూపించింది. ఒడ్డున నల్లటి బండలు, వాటిలో తెల్లరాతి చారలు గట్లలాగా పైకి లేచి ఉన్నాయి.

"నల్లది కొంచెం మెత్తన నాన్నా, అలలు దాన్ని తొందరగా అరగదీస్తాయి. తెల్లది గట్టిది, అందుకే అట్లే నిలబడుండాది" అంది.

కాళ్ల దగ్గరున్న గుండ్రాళ్లలో ఒకటి తీసి తడిమాను. తెల్ల గీత వేలికి తగిలింది. నా సంతోషమంతా అక్కడే ఆగిపోయింది.

కేజీఎఫ్ బంగారు గనుల కార్మికుల లైన్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుందా, మిరియాలు నూరే గుండ్రాయి? మా అమ్మది అచ్చం ఇలాంటిదే. గనిలో పనిచేసే నాన్న, ఓడలో వచ్చిన మిషన్ తేవడానికి విశాఖ వెళ్లి వచ్చి, దాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

"సముద్రం ఎట్లుండాది?" అమ్మ ఆశగా అడిగింది. సముద్రం చూడాలన్నదొక్కటే ఆమెకున్న కోరిక.

"యాడ చూసేది? గోడౌన్‌లోనే పొద్దుపోయింది. ఇంగ ఊరికే కూర్చోలేక నీకోసం ఈ రాయి నేనే అరగదీసినాను. చెయ్యి జారకుండా గీత కూడా పెట్టినాను."

ఆ రాతిని అరగదీసింది అలలు. నాన్న సముద్రం చూశాడు. అమ్మ చూడకుండానే పోయింది.

పక్కింటి మేరమ్మ అడిగినా అమ్మ దాన్ని ఇచ్చేది కాదు. "మా ఆయన చేతిపనమ్మా ఇది" అనేది. నాన్న పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ నవ్వేవాడు.