మాట బందైన ఊరు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉండేది. అలాంటిదాన్ని, ఒక ఎండాకాలమంతా నాతో ఎవరూ మాట్లాడని ఊళ్లో బతికాను. ఒక పూట కూడు లేకపోయినా ఓర్చుకుంటాను గానీ, అది మాత్రం నా వల్ల కాలేదు.

మా ఊరు కోయిలకుంట్లకు దగ్గర. ఊరికి ఒక పెద్దాయన. వరసకు నాకు మామ. సర్పంచు పదవి ఎప్పుడూ ఆయనదే, లేకపోతే ఆయన చెప్పినవాళ్లది. ఎదురు నిలబడే మొనగాడు లేడు కాబట్టి సర్పంచు ఎన్నిక ఎట్లా ఉంటుందో మా ఊళ్లో చాలామందికి తెలియనే తెలియదు. ఊరి నీళ్ల ట్యాంకు నుంచి ఆయన తన మామిడితోటకు పైపు వేసుకున్నాడు. “ఊరికే చాలని నీళ్లు తోటకెందుకు మామా?” అని మా ఆయన రచ్చబండ దగ్గర అడిగాడు. ఇంకో నాలుగిళ్లవాళ్లు “నిజమే గదప్పా” అన్నారు. అంతే. పెద్దాయన కొట్టలేదు, తిట్టలేదు. “ఈ అయిదిండ్లోళ్లతో ఎవురూ మాట్లాడాకండి” అన్నాడు. మాట్లాడినవాళ్ల వీధికి కొళాయి బందు.

నేను కొళాయి దగ్గరికి పోతే అప్పటిదాకా కిలకిలలాడుతున్న ఆడవాళ్లు చప్పున నోళ్లు మూసుకునేవాళ్లు. అంగట్లో ఉప్పు అడిగితే అంగడాయన నా వెనకున్న గోడను చూసేవాడు. చివరికి మా బర్రెతో కష్టసుఖాలు చెప్పుకునే గతి పట్టింది. అది కూడా తల తిప్పుకుంటే ఇంక చచ్చానే అనుకున్నాను. వానలు పడకముందే అయిదిళ్లకూ తాళాలు వేసి కర్నూలు చేరాం. ఓట్లు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్నాం.

పెద్దాసుపత్రి వెనక సందులో ఇళ్లు అద్దెకు దొరికాయి. ఆదివారం ఆదివారం మా మిద్దె మీద మగవాళ్ల మీటింగు. పెద్దాయనను దించడం ఎట్లా అని. కలెక్టరుకు అర్జీ ఇద్దామని ఒకరు, టీవీవాళ్లను పిలుద్దామని ఒకరు. ఆయన దిగేదాకా గడ్డం తీయనని మా ఆయన శపథం చేసి, దురద పెడుతోందని కొన్నాళ్లకే గీయించుకున్నాడు. మా అయిదిళ్లలో ఒకటి బట్టలు కుట్టే ముస్లింలది. ఆ ఇంటామెను నేను అక్కా అంటాను. ఆమె మెట్ల మీద నుంచే తొంగి చూసి, “ఉగ్గాని అయిపోయినాదా? అయితే మీటింగు గూడా అయిపోయినట్టే లే” అనేది. నిజంగానే బొరుగులతో చేసిన ఆ ఉగ్గాని, బజ్జీలు అయిపోగానే విప్లవం చేతులు కడుక్కుని లేచిపోయేది.

ఊళ్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా కర్నూలు ఆసుపత్రికే రావాలి కదా. వెంట వచ్చిన ఆడవాళ్లు స్నానానికీ, వేణ్ణీళ్లకీ, ఇంత అన్నానికీ భయం భయంగా మా సందులోకి వచ్చేవాళ్లు. కర్నూల్లో ఎవరు చూడొచ్చారు? కడుపు నిండా మాట్లాడుకునేవాళ్లం. మొగుడికి ఆపరేషనైతే ఊళ్లో మా వెనకింటామె చాలా రోజులు మా ఇంట్లోనే ఉంది. పోయేటప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఈసారి సర్పంచు సీటు ఆడవాళ్లకొచ్చింది. పెద్దాయన తన భార్యను నిలబెట్టాడు. మా మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే అక్కే తేల్చేసింది. “ఊరంతా మాట్లాడాలంటే ఈమె నోటికి మించింది యాడుండాది? ఈమెనే పెట్టండి.”

ఓడిపోతే మా తాళాలు ఇక తెరవలేం. ఆ సంగతి తెలిసీ నామినేషను వేశాను. ఇంటింటికీ బొట్టు పెట్టి ఓటడుగుదామని కుంకుమ భరిణె పట్టుకుని ఊళ్లోకి దిగితే, పగటిపూటే ఊరు నిద్రపోయినట్టుంది. తలుపులు వేసుకున్నారు. వేసుకోనివాళ్లు ఆకాశం చూశారు. మా వెనకింటామె అరుగు మీద బియ్యం చెరుగుతోంది. “ఓటెయ్యి మే” అంటే తలెత్తలేదు. నా చేతి కూడు తిన్న మనిషి! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా? తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వెక్కి వెక్కి ఏడ్చాను. అంత అవమానం నేనెప్పుడూ పడలేదు.

పోలింగు రోజు బడి దగ్గరా అదే వరస. క్యూలో ఎవరూ నా వైపు చూడలేదు. సాయంత్రం బడిలోనే లెక్కపెట్టారు. నేను గెలిచానని ఆఫీసరు చెప్తే, ఇంకోసారి చెప్పండి సార్ అన్నాను. బయట చప్పట్లు లేవు, కేకలు లేవు. ఎవరు ముందు నోరు తెరవాలో ఎవరికీ తెలియక నిలబడ్డారు. అప్పుడు మా వెనకింటామె కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“మాట్లాడాకండి అన్నాడు గానీ, నీకు ఓటెయ్యాకండి అన్లేదు గదమ్మే!”

బడి బడంతా గొల్లున నవ్వింది. నిజమే. మాకు ఓటెయ్యొద్దని చెప్పాలంటే, తన భార్యకు వేయమని అడగాలి. అడగడం ఆ పెద్దాయనకు అలవాటు లేదు.

తాళాలు తీశాం, సున్నం కొట్టుకున్నాం. తోట పైపు తీసేయించాను. నా సంతోషం ఏం చెప్పను! కూరగాయలకని పోతే ఇంటికి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయేది. వారం తిరక్కముందే రచ్చబండ దగ్గర మా ఆయన మీసం దువ్వుకుంటూ లేచాడు. “ఇంగ ఆ పెద్దింటోళ్లతో ఎవురూ మాట్లాడాకండి.” అందరూ సరే అన్నారు. ఎందుకు దాచాలి, నాకూ చల్లగా అనిపించింది.

మర్నాడు పొద్దున పెద్దాయన భార్య బిందె పట్టుకుని కొళాయి దగ్గరికి వచ్చింది. ఇంటికీ నీళ్లిచ్చిన తోట పైపు పోయాక ఆమెకూ కొళాయే గతి. ఆడవాళ్లంతా చప్పున నోళ్లు మూసుకుని నా వైపు చూశారు. ఆ చప్పుడు లేకపోవడం నాకు తెలుసు. మేమూ ఆ తానులో గుడ్డలమేనా?

“ఏం అత్తా, మోకాలి నొప్పి ఎట్లుండాది?” అన్నాను.

ఆమె బిందె కింద పెట్టేసి అక్కడే కూలబడింది. “ఓడిపోయిన దినం నుంచి మీ మామ నాతో మాట్లాడ్డం లేదే తల్లీ. బువ్వ పెట్టమని గూడా అడగడు. నీళ్లు గావాల్నంటే చెంబు చూపిస్తాడు” అని ఏడ్చింది.

నాకు కోపం నెత్తికెక్కింది. రచ్చబండ దగ్గర నుంచి మా ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా, బిందె నేనే ఎత్తుకుని ఆమెను వెంటబెట్టుకుని పెద్దింటికి పోయాను. పెద్దాయన వసారాలో కుర్చీ వేసుకుని గోడను చూస్తున్నాడు. ఒక్కడే.

“మామా, ఊళ్లో మాట బందు ఎత్తేసినా. సర్పంచును చెప్తాండా. అత్తతో మాట్లాడు.”

ఆయన నా వైపు చూడలేదు. కుర్చీని భార్య వైపు తిప్పుకున్నాడు. తర్వాత, “ఏమే, నీళ్లు దొరికినాయా?” అని భార్యను అడిగాడు.