అవ్వ మెచ్చిన కోడి

కంబదూరు సంతలో కోడిని కొనేవారు దాని బరువు చూస్తారు. మా పొరుగింటి అవ్వ మాత్రం దాని రెక్కలను పరీక్షించేది. అమ్మేవాడు వద్దు వద్దంటున్నా వినక, కోడిని రెండు చేతులా ఎత్తి గాలిలోకి విసిరేది. బలిసిన ఫారం కోళ్ళు మూటల వలె దబ్బున నేల మీద పడేవి. "ఎగరలేని కోడి కుక్కకు కూడు" అని తీర్పు చెప్పి అవ్వ ముందుకు సాగేది.

ఆ పట్టుదలకు కారణమున్నది. అంతకు ముందటేడు వీధికుక్కలు ఆమె కోళ్ళనన్నింటినీ పొట్టన బెట్టుకున్నవి. చేను ఎండిన ఇంటికి కోడిగుడ్లే ఆధారము.

ఒకనాడు అవ్వ విసిరిన నల్లని బక్కపెట్ట నేరుగా టీకొట్టు రేకుల పైన వాలినది.

"ఏమవ్వా, కోడిని కొనేకొచ్చినావా, గాలిపటాన్నా?" అన్నాడు అమ్మేవాడు, నిచ్చెన కోసం వెదకుతూ.

"ఇదే నాకు కావల్సింది. దించప్పా!" అన్నది అవ్వ, వరుడు నచ్చిన కన్యాదాత వలె మురిసిపోతూ.

ఏడాది తిరిగేసరికి ఆ పెట్ట సంతానంతో పెరడు నిండినది. కుక్క కనబడితే చాలు, అన్నీ చింతచెట్టు ఎక్కేవి.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుండి అల్లుడు వచ్చినాడు. కూరకొక కోడిని పట్టబోయి, చొక్కా తడిసేదాకా పెరడంతా పరుగెత్తినాడు. కోళ్ళు కొమ్మల మీద బారులు తీరి ఆయనను తిలకించినవి.

అవ్వ నవ్వాపుకొంటూ సంగటి, గుడ్ల పులుసు వడ్డించినది.

"కుక్కకే అందనిది నీకు యాడ అందుతాదప్పా? కూచో. గుడ్లకింకా రెక్కలు రాలేదు."