పరాయి పిల్లాడి జుట్టు మీద మొక్కు

మధ్యాహ్నం పడుకున్న పిల్లలు లేచాక ఒక్కొక్కరినీ ముందు కూర్చోబెట్టుకొని తలలు దువ్వడం నా పని. నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో పిల్లల్ని చూసుకునే చోటు అది. తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని మాకు అప్పజెప్పి ఆఫీసులకు పోతారు, పొద్దుగూకే వేళకు వచ్చి తీసుకెళ్తారు. నేను హఫీజ్‌పేట్ నుంచి వస్తాను. పిల్లలు నన్ను ఆయమ్మ అంటారు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు వేరే.

నేను ఎక్కువ ఊళ్ళు చూసినదాన్ని కాదు. మేం ఎములాడ అనే వేములవాడ, యాదగిరిగుట్ట, ఒకసారి శ్రీశైలం, అంతే. కానీ ఎన్ని దేశాల తలలు నా చేతుల్లోంచి పోయాయో! కేరళ పాపకు పొద్దున్నే నూనె పెట్టి తలంటి, చెవుల పక్కనుంచి రెండు పాయలు తీసి వెనక ముడేసి, మిగతాది ఆరేటట్టు వదిలేస్తారు. మణిపూర్ పాపకు నుదుటి మీద వెంట్రుకలు గీత గీసినట్టు కత్తిరించి ఉంటాయి. మా నాయనమ్మ చూసి ఉంటే "కండ్లల్ల పడుతున్నయి, గుడ్డిదైతది" అని నూనె దట్టించి వెనక్కి దువ్వేసేది.

నైజీరియా పాప తల చూసిన మొదటిరోజు నాకు ప్రాణం ఒప్పలేదు. దున్నిన చేనులో చాళ్ళలాగా నెత్తికి అంటుకుపోయిన సన్న జడలు. పసిదానికి ఎంత నొప్పో, ఏ తల్లి ఇంత బిగించిందో అనుకొని, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకొని విప్పడం మొదలుపెట్టాను. ఒక జడ సగమైనా విప్పలేదు, పాప ఏడుపు అందుకుంది. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి నన్ను తిట్టలేదు, నవ్వింది. ఆదివారమంతా కూర్చొని అల్లిందట. వాళ్ళ దేశంలో పాతకాలంలో జడల తీరు చూసి ఏ ఊరి పిల్ల, పెళ్ళయిందా లేదా అని చెప్పేవాళ్ళట. నేను తలాడించాను. మా దగ్గర మాత్రం ఏం తక్కువ? పెళ్ళికాని పిల్లకు జడ, పిల్లల తల్లికి కొప్పు. మొగుడు పోయినదానికి పువ్వుండదు. వెనక నుంచి తల చూసి ఆడదాని కథ చెప్పేయొచ్చు.

నా తల కథ కూడా అంతే. మా ఆయన తాపీ మేస్త్రి. ఈ ఖాజాగూడ వైపు లేచిన ఎత్తు బిల్డింగుల్లో ఎన్నింటికో ఇటుక పేర్చాడు. రెండో కాన్పు తర్వాత నాకు చేతులు పైకి లేవని జబ్బు చేస్తే, పనినుంచి వచ్చి తనే నా తల దువ్వేవాడు. సిమెంటుకు పగిలిన అరచేతులు. ఆ పగుళ్ళలో నా వెంట్రుకలు ఇరుక్కునేవి. "ఇంత జుట్టు ఎందుకే నీకు, సగం నాకియ్యి" అనేవాడు, ఆయనది బట్టతల. ఆయన పోయినప్పుడు బొట్టు తీశారు, గాజులు తీశారు, పువ్వులు తీశారు. వెంట్రుకల జోలికి రాలేదు, మా కులంలో ఆ పద్ధతి లేదు. కాబట్టి ఆయన చేయి పడినదాంట్లో నాకు మిగిలింది జుట్టొక్కటే. నెరిసినా నడుము దాటి ఉండేది.

ఇక సర్దార్ల పిల్లాడి సంగతి. నాలుగేళ్ళవాడు. పొద్దున్న వాళ్ళమ్మే జుట్టు దువ్వి, నడినెత్తిన ముడి చుట్టి, దాని మీద చిన్న గుడ్డ కట్టి తీసుకొచ్చేది. ఆ ముడిని జూడా అంటారు. ఆటలో అది జారితే మధ్యాహ్నం నేను బిగించేదాన్ని. ఎలా పట్టుకోవాలో ఆ తల్లే నేర్పింది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఎక్కడపడితే అక్కడ పారేయవద్దనీ, కత్తెర దగ్గరికి రానీయవద్దనీ చెప్పింది. దేవుడు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుకోవాలట. ఆమె మాట హిందీ, నాది బస్తీ హిందీ. ఇక్కడ నా మాటల్లోనే చెబుతున్నాను.

వాడికి తెలుగు నా దగ్గరే వచ్చింది. ఒకరోజు ఇంకో పిల్లాడు "నువ్వు ఆడపిల్లవు, నీకు జుట్టుంది" అని ఎగతాళి చేస్తే, వీడు తన ముడి చూపించి, "గిది నా మీద కూసున్న లడ్డు. నీకు లేదు, ఏడువు!" అన్నాడు. అప్పటినుంచి అందరికీ నెత్తిమీద లడ్డు కావాలి. ఆ రోజు నేను గుండు పిల్లలకు కూడా రిబ్బను ముక్కలతో లడ్డులు కట్టాల్సి వచ్చింది.

వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు, దవాఖానలో పెట్టారు. వాళ్ళ నాన్న వేరే ఊళ్ళో పనిమీద ఉన్నాడు. ఆ తల్లి ఒక్కతే ఉందని తెలిసి నేను ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. పిల్లాడు కళ్ళు తెరవడం లేదు. ముడి విప్పేసి ఉంది, జుట్టంతా దిండు మీద పరుచుకొని ఉంది. ఇంత చిన్న మొహం, అంత జుట్టు. డాక్టరు వచ్చి ఆమెను పక్కకు తీసుకెళ్ళి ఏదో చెబుతున్నాడు. ఆమె గోడ పట్టుకుంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "ఎములాడ రాజన్నా, పిల్లగాడు లేచి కూసుంటె చాలు తండ్రీ. నీ గుడికి తోలుకొచ్చి వాని తలెంటికలిస్త."

మేం ఏ బిడ్డకు జ్వరం వచ్చినా మా శివయ్య రాజన్నకు ఇదే మొక్కుతాం. నా పిల్లలకు మొక్కాను, మనవలకు మొక్కాను. మా దగ్గర పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి దేవుడి దగ్గరే తీయిస్తారు. తల్లికి భయం వేసిందంటే ముందు గుర్తొచ్చేది బిడ్డ జుట్టే. ఎవరి బిడ్డకు మొక్కుతున్నానో నాకు సోయి లేదు.

వాడు లేచాడు. కూర్చున్నాడు. మొదటి మాట "లడ్డు ఊడిపోయింది" అన్నాడట. ఆమె నాకు ఫోనులో చెబుతూ నవ్వింది, నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక మొక్కు గుర్తొచ్చింది. నేను రాజన్నకు ఇస్తానన్నది ఆ లడ్డునే కదా!

నాతో పాటు ఉండేది మా ఆయన చెల్లెలు. దానికి చెప్పాను.

"ఏంది వదినా, మతి ఉండే మొక్కినవా? సర్దార్ల పిల్లగాని ఎంటికలు ఎవలన్న మొక్కుతరా?"

"నోట్లకెల్లి వచ్చింది, నేనేం జేద్దు."

"ఇగ చూస్కో. ఇటు మొక్కు దప్పితే రాజన్న ఊకోడు, అటు ఎంటిక ముడితె ఆ తల్లి ఊకోదు. మధ్యల నువ్వు!" అని దగ్గరికి జరిగింది. "నేనొకటి చెప్త. పిల్లగాడు పండుకున్నప్పుడు వెనకకెల్లి జర ఒక కొస కోసి కొంగుకు కట్టుకో. అంత జుట్టుల ఒక్క కొస ఎవలకు ఎరుకైతది?"

దాని మాట తప్పని నేను అనలేదు. నేనూ అదే ఆలోచించాను.

పిల్లాడు మళ్ళీ రావడం మొదలుపెట్టాక ఒక మధ్యాహ్నం వాడు చాప మీద పడుకొని ఉన్నాడు. ముడి సగం జారి ఉంది. కాగితాలు కత్తిరించే కత్తెర కిటికీలో ఉంది. లేచి దాని దాకా వెళ్ళాను కూడా. ఆ తల్లికి తెలియదు, పిల్లాడికి తెలియదు, ఆ చిన్న కొసతో నా భయం తీరిపోతుంది. కానీ పొద్దున్నే ఆమె ఆ తలను నా దగ్గర పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఆఫీసుకు పోతుంది. నేను మళ్ళీ వచ్చి కూర్చున్నాను. వాడి ముడి కూడా బిగించలేదు. ఆ పూట ఆ తలను ముట్టుకోవాలనిపించలేదు.

సాయంత్రం ఆమె వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబెట్టి మొక్కు సంగతి చెప్పేశాను.

ఆమె మొహం మారిపోయింది. పిల్లాడిని తన కాళ్ళకు ఆనించుకొని, వాడి నెత్తిమీద చేయి పెట్టుకుంది.

"నన్ను అడగకుండా నా కొడుకు జుట్టు ఇచ్చేశారా, అమ్మాజీ?"

"ఇయ్యలే బిడ్డా. ఇస్తనన్న."

"రెండూ ఒకటే కదా మీకు. ఇవ్వకపోతే మీకు భయం. ఆ భయంతో మీరు ఏం చేస్తారో నాకెలా తెలుస్తుంది?"

కిటికీలో కత్తెర గుర్తొచ్చింది. ఆమె అడిగింది న్యాయమే. ఆమె ఆటో పిలిచి వెళ్ళిపోయింది. మరునాడు పిల్లాడు రాలేదు. తర్వాత రోజూ రాలేదు. వేరే చోట చేరుస్తారేమో అని మమ్మల్ని పనిలో పెట్టుకున్న మేడం అంది. వాడు పడుకునే చాప నేనే పరిచేదాన్ని, నేనే చుట్టేదాన్ని.

నాకు అప్పుడు ఒకటి తోచింది. వాళ్ళదేమో దేవుడు ఇచ్చినదాన్ని దాచుకోవడం. మాదేమో దేవుడు ఇచ్చినదాన్ని దేవుడికి తిరిగి ఇవ్వడం. ఇద్దరికీ వెంట్రుక ఎవరిదో బాగా తెలుసు. తెలియనిది నాకే, నాది కానిదాన్ని ఇస్తానన్నాను. మొక్కిన నోరు నాది. ఇస్తే నాదే ఇవ్వాలి.

ఆడబిడ్డ గోలగోల చేసింది. "ముండమోసినదానివి, గుండు గొరిగించుకుంటె జనం ఏమంటరు? ఎనుకట బాపనోళ్ళ ఇండ్లల్ల మొగడు జచ్చినోళ్ళకు బలిమిన గొరిగేది, ఎరుకలేదా? నీకెవలు గొరగకపోతె నువ్వే పోయి గొరిగించుకుంటవా?"

"గది ఏడిపియ్య గొరిగిన్రు. నేను పిల్లగాడు లేచిండని ఇస్తున్న. రెండు ఒక్కటైతయా?"

"పిల్లగానికి బదులు నీది తీస్కుంటడా రాజన్న?"

"అడుగుత. వద్దంటె మల్ల పెట్టుకొని వస్త."

దానికి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. చివరికి నా వెంట బస్సెక్కింది.

ఎములాడలో ధర్మగుండంలో మునిగి వచ్చి, తలెంటికలు తీసే చోట కూర్చున్నాను. మంగలాయన నా జుట్టు చేతిలోకి తీసుకొని తూచినట్టు చూశాడు. "మూడు కత్తెర్లేనా అమ్మా? ఆడోళ్ళు చానమంది గదే ఇస్తరు."

"మొత్తం తియ్యి అయ్యా. నేను మొత్తం ఇస్తనన్న."

తల వంచాను. నీళ్ళు పోశాడు. మొదటి పాయ ఒళ్ళో పడ్డప్పుడు మా ఆయన చేతులు గుర్తొచ్చాయి, ఏడుపొచ్చింది. ఆ పగుళ్ళు, ఆ ఇరుక్కోవడం. పోనీలే, ఆయన కూడా పిల్లాడికోసం అంటే కాదనేవాడు కాదు. మంగలాయన "కదలకమ్మా, తెగుతది" అంటే ఏడుపు కూడా ఆపుకోవాల్సి వచ్చింది. అయిపోయాక గాలి నెత్తికి తగిలింది. అరవై ఏళ్ళకు వచ్చి గాలి నెత్తికి అట్లా తగులుతుందని అప్పుడే తెలిసింది.

తిరిగి పనికి వచ్చిన రోజు పిల్లలందరూ నన్ను చుట్టుకున్నారు. నైజీరియా పాప ముందు వచ్చి తడిమి చూసింది. అందరికీ తడమాలట. నేను వంగాను, వరసగా తడిమారు. మేడమే ఆ తల్లికి ఫోను చేసి చెప్పిందని తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున గేటు దగ్గర ఆ తల్లి. చేయి పట్టుకొని పిల్లాడు. నన్ను చూడగానే వాడు రెండు చేతులతో తన తల కప్పుకొని అమ్మ వెనకకు పోయాడు.

"ఆయమ్మ! నాది గూడ తీస్తరా?"

"లేదు రా అయ్యా. నీది నీదే. నాది నేనిచ్చిన."

ఆమె నా గుండు వంక చూసింది. నాకు కొంగు కప్పుకోవాలనిపించింది, కప్పుకోలేదు. "ఎందుకు చేశారు అమ్మాజీ? నేను కోపంలో అన్నాను" అంది.

"నీ కోపానికి కాదు బిడ్డా. రాజన్నకు మాటిచ్చిన. ఇగ నాకు ఏ భయం లేదు, నీకు గూడ వద్దు."

ఆమె సంచీలోంచి చిన్న చెక్క దువ్వెన, మడిచిన గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు చూశాను. వాడి జుట్టు విరబోసి ఉంది, వీపు దాకా తడిగా. "తలంటాను, ఇంకా ఆరలేదు. నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. ఆరాక మీరే కట్టండి" అంది. అంతకు ముందు ఆ తల్లి వాడిని ఎప్పుడూ విరబోసిన జుట్టుతో నా దగ్గర వదిలి వెళ్ళలేదు.

వాడిని ఎండపొడలో కూర్చోబెట్టాను. కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా చిక్కు తీస్తున్నాను. ఎములాడ నుంచి తెచ్చిన ప్రసాదం వాడికి పెట్టాను. ప్రసాదం పొట్లంతో పాటు ఇచ్చిన శివయ్య బొమ్మ వాడి చేతికి దొరికింది. కళ్ళ దగ్గర పెట్టుకొని చూశాడు.

"ఈయనకేనా నీ జుట్టు ఇచ్చినవు?"

"ఆఁ, ఈయనకే."

"ఈయనకే గింత జుట్టుంది కదా. నెత్తిమీద ముడి గూడ ఉంది. మల్ల నీదెందుకు?"

నేను దువ్వెన ఆపాను. అరవై ఏళ్ళ నుంచి ఆ దేవుడికి మొక్కుతున్నాను, ఆయన నెత్తిని ఎప్పుడూ అంతగా చూడలేదు.

"ఈయన కత్తిరించుకోడా ఆయమ్మ?"

"కత్తిరించుకోడు రా. నీ లెక్కనే."

వాడు బొమ్మను ఇంకోసారి చూసి, తృప్తిగా తలాడించాడు. తలాడించేసరికి నేను తీసిన పాపట వంకరపోయింది.