డెస్క్‌టాప్ మీద పోయిన బోరబండ

పంజగుట్టలో నేను పనిచేసిన చిన్న కంపెనీ మురుగునీటి లైన్ల మ్యాపులు తయారుచేసేది. ఆ ఎండాకాలమంతా నేనూ ఇంకో ఉద్యోగీ బోరబండ గల్లీల్లో తిరిగాం. ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరా ఆగి అది ఎంత లోతుందో, నీళ్లు ఎటు పారుతున్నాయో ఫోన్‌లో ఎక్కించాం. మొహాలు మాడిపోయాయి.

ఆ డేటా అంతా అతని ల్యాప్‌టాప్‌లో, డెస్క్‌టాప్ మీదే ఉండిపోయింది. సర్వర్‌లో ప్రాజెక్టుకో ఫోల్డర్ పెట్టి అన్నీ అందులోనే దాద్దామని మేనేజరుకు ఎన్నిసార్లు చెప్పానో. "ముందు మ్యాపు రానివ్వమ్మా, సర్దుకోవడం తర్వాత" అనేవాడు.

నాతో గల్లీల్లో తిరిగినతను ఉద్యోగం మానేశాడు. కొత్తగా చేరిన అమ్మాయికి ఇవ్వాలని ఆ ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

మాకు ఈ పని ఇచ్చిన మాసబ్ ట్యాంక్ ఆఫీసులో మ్యాపు చూపించాల్సిన ముందురోజు, నా కంప్యూటర్‌లో మ్యాపు ఫైల్ తెరిచాను. తెరంతా తెల్లగా ఉంది. పక్కన మ్యాన్‌హోళ్లు, పైపులు అంటూ లేయర్ల పేర్లు మాత్రం ఉన్నాయి, ఒక్కోదానికీ ఎర్ర గుర్తుతో.

"ఫైల్ ఓపెన్ అయింది కదా, ఇంకేంటి ప్రాబ్లం?" అన్నాడు మేనేజరు.

"ఇందులో డేటా ఉండదు సార్. అదెక్కడుందో చెప్పే అడ్రసే ఉంటుంది. ఆ అడ్రసులో ఉన్నదంతా మీరే తుడిచేశారు."

"సరే, గడువు అడుగుతాను. మళ్లీ వెళ్లి తీసుకురండి."

ఒళ్లు మండిపోయింది. అయినా వెళ్లాను.

బోరబండలో ఒక ఇంటి ముందు మ్యాన్‌హోల్ మూత దగ్గర వంగుంటే, ఆ ఇంటామె బిందె దించి వచ్చింది.

"నువ్వు మొన్న సుత వచ్చినవ్ గదా? మోరీ పొంగి ఇంట్లకొస్తున్నది. రాసుకపోవుడేనా, చేసుడు ఏమన్న ఉన్నదా?"

"పాత వివరాలు పోయినయ్ అక్కా."

"పోయినయా? పోనీకి గవేమన్న కోడిపిల్లలా?"

చేసిందెవరు, ఆమె ముందు తలదించుకున్నదెవరు!

పని ముగించాక ఎవరినీ అడగకుండా సర్వర్‌లో నేనే ఫోల్డర్ చేశాను. మ్యాపు ఫైల్, డేటా, ఫొటోలు, ఏది ఏమిటో చెప్పే చిన్న వివరణ, అన్నీ ఒక్కచోట పెట్టాను. ఇంకో కాపీ వేరే డిస్క్‌లో దాచాను. మేనేజరు వచ్చి, "అదంతా కట్ చేసి నా ల్యాప్‌టాప్‌లో పెట్టేయండి, ఈజీగా ఉంటుంది" అన్నాడు.

"కట్ చెయ్యను. కాపీ ఇస్తాను."

నా గొంతుకు ఆఫీసంతా తలలెత్తి చూసింది. అతని మొహం ఎర్రబడింది, కానీ కాపీయే తీసుకెళ్లాడు.

మాసబ్ ట్యాంక్ ఆఫీసులో మ్యాపు బాగుందన్నారట. ఆ మాట మేనేజరు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం అమీర్‌పేట మీదుగా ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కి తడుస్తూ నడిచాను. వానలు అప్పటికే మొదలైపోయాయి. బోరబండలో ఆ ఇంటామె మోరీ పని ఇంకా కాగితం మీదికి కూడా ఎక్కలేదు.