నాయనమ్మ తోమిన చిల్లు కాణీ

ఆ రోజుల్లో, అంటే ఫోను చూస్తూ కూర్చుంటే కోటీశ్వరులం అయిపోతామని నమ్మిన రోజుల్లో, నేను దువ్వాడ దగ్గర ఓ బోల్టుల కంపెనీలో తనిఖీ పనిలో ఉండేవాణ్ణి. పగలంతా వంకర బోల్టుల్ని తిట్టి పక్కన పడేసేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి వంకర నాణేల కోసం డబ్బాలన్నీ బోర్లించేవాణ్ణి. టంకశాలలో ముద్ర తప్పిన పాత నాణెం ఒక్కటి దొరికితే తలరాత మారిపోతుందని ఓ వీడియో గురువుగారు రోజూ సెలవిచ్చేవారు (ఆ వీడియోలతో మారింది ఆయన తలరాతేనని నాకప్పుడు తట్టలేదు). చివరికి మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఓ చిల్లు కాణీ దొరికింది. అలాంటి కాణీలకు చిల్లు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. దీనికి మాత్రం పక్కకి జరిగిపోయి అంచుకి ఆనుకుని ఉంది. “సిన్నప్పుడు దిష్టి తగలకండా నీ మొలతాడుకి కట్టినాన్రా,” అంది నాయనమ్మ. అంటే ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరిగిన రోజుల్లోనే నేను లక్షాధికారినన్నమాట! మర్నాడే సూపర్‌వైజరుకి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేశాను.

“ఇంకెక్కడైనా సేరినావేటి బావా?” అన్నాడతను.

“ఇంక ఎక్కడా సేరక్కర్లేదు బావా,” అన్నాను, అతనికేసి జాలిగా చూస్తూ.

ఆ ఆదివారం ఊళ్ళో నాణేల ప్రదర్శన. బయల్దేరబోతుంటే నాయనమ్మ అడ్డుపడింది. “పెద్దోళ్ళకి సూపించీది ఇలాగ నల్లగా అట్టుకెల్తావేటిరా? ఇలాగియ్యి.” నిజమేననిపించి చింతపండు నేనే నానబెట్టాను (బోల్టు మీద చిన్న గీత పడితే ఊరుకోని నిపుణుణ్ణి మరి!). ఆవిడ దీపపు కుందిని తోమినట్టు అరగంట తోమింది. ప్రదర్శనలో ఓ పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, “అచ్చంగా టంకశాల తప్పే!” అన్నారు. నా గుండె గంతులేసింది. ఆయన భూతద్దం దించి, “కానీ ఇంత శుభ్రంగా ఎవరు తోమారు బాబూ? పాత రంగు పోయింది, అక్షరాలు అరిగిపోయాయి. ఇంక దీన్నెవరూ కొనరు,” అన్నారు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. “ఏటన్నార్రా?”

“ఇంత శుభ్రంగా ఎవరు తోమారని అడిగారు నాయనమ్మా,” అన్నాను. ఆవిడ ముఖం కాణీకన్నా ఎక్కువ మెరిసింది.

సోమవారం సిగ్గు చంపుకుని కంపెనీకి వెళ్ళాను. సూపర్‌వైజరు ఓ ట్రే నా ముందుకి తోసి, “వంకరయ్యి ఏరు బావా,” అన్నాడు. ఇప్పుడా కాణీ మా చంటాడి మొలతాడుకి ఉంది. మళ్ళీ నల్లబడింది. దాన్ని చూసినప్పుడల్లా ఆనాటి లక్షాధికారి గుర్తొచ్చి నవ్వూ వస్తుంది, నాయనమ్మ లేదని గుర్తొచ్చి బెంగా వేస్తుంది. మొన్న ఆదివారం ఎవరికీ చెప్పకుండా చింతపండు నానబెట్టాను.