మూడో చరణంలో ఏడుపు

ప్రత్తిపాడు దగ్గరి బడిలో దీవెనమ్మ టీచర్ ప్రతి సోమవారం పిల్లలకు నాట్యం నేర్పుతుంది. యేసు పాటలకే ఆడాలని పాస్టరు గారి భార్య ప్రేమమ్మ, కృష్ణుడి పాటలకే ఆడాలని బడి కమిటీ పెద్ద బాపయ్య పట్టుబట్టారు. తేలకపోతే క్లాసు ఆపేస్తామన్నారు. టీచర్ వాన పాట ఎంచుకుని ఇద్దరినీ చూడ్డానికి పిలిచింది.

పిల్లలు గాలిలా ఊగారు, మబ్బుల్లా తిరిగారు. మూడో చరణంలో, వాన రాలేదని కళ్లు తుడుచుకునే అభినయం దగ్గర, ముప్పైమందీ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

“పరిశుద్ధాత్మ దిగిందండీ!” అంది ప్రేమమ్మ.

“ఊరుకోమ్మా, అది భక్తి! కిట్టయ్య కోసం గోపికలు ఏడ్చినట్టు లేదూ?” అన్నాడు బాపయ్య.

టీచర్ పిల్లల చేతుల వంక చూసింది. ఆదివారమంతా కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసిన చేతులవి. ఆ మంట ఏ సబ్బుకూ లొంగదు.

బాపయ్య మురిసిపోతూ, ఆ పిల్లల్లోనే ఉన్న తన మనవరాలి చేతులు పట్టుకుని ముద్దాడి, వాటినే కళ్లకద్దుకున్నాడు. మరుక్షణం ఆయన కళ్లు చింతనిప్పులయ్యాయి. నలభై ఏళ్లుగా మిర్చి పండించినవాడికి ఆ మంట తెలియక కాదు. కానీ భక్తి అని అనేశాడు కదా!

“క్లాసు ఆపొద్దు టీచర్ గారూ,” అన్నాడు, కండువాలో ముక్కు చీదుతూ.