మిల్లు గేటుకు అడ్డం పెట్టిన బిందెలు

నేను నిండు బిందె ఎత్తలేనంత చిన్నప్పుడు... పొద్దున్నే నా పని ఒకటే. ఖాళీ బిందె తీసుకెళ్లి నల్లా దగ్గర వరుసలో పెట్టి రావడం.

బెల్లంపల్లి దాటాక ప్యాసింజరు రైలు మాత్రమే ఆగే చిన్న ఊరు మాది. ఒక నూలు మిల్లు... దాని క్వార్టర్లన్నిటికీ గేటు పక్కన ఒకే నల్లా. బిందె పెట్టి ఇంటికెళ్లి చాయ్ తాగి రావచ్చు. వరుసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మాటల్లేని తోడికోడళ్లు కూడా ఒకరి బిందెను ఒకరు జరిపేవారు కాదు.

తర్వాత మిల్లు మూతపడింది. సైరన్ ఆగింది, జీతాలు ఆగాయి. నల్లా మాత్రం ఆగలేదు... మిల్లు లోపలి బోరు మోటరు నడుస్తూనే ఉంది.

ఒకరోజు పాత సామాను కొన్న కాంట్రాక్టరు లారీతో వచ్చాడు. మిషన్లతో పాటు ఆ మోటరునూ విప్పి ఎక్కించాడు. అది పోతే మాకు నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే క్వార్టర్లు ఖాళీ చేయాల్సిందే.

మా పక్కింటి రూతమ్మత్త మిల్లులో నూలు చుట్టిన మనిషి. తన బిందె తెచ్చి గేట్లో లారీ ముందు పెట్టింది. దాని వెనక మా అవ్వ బిందె... ఆ వెనక వాడకట్టు మొత్తం.

డ్రైవరు మంథని వైపు మనిషి. దిగొచ్చి, "అమ్మా, జర బిందెలు తియ్యుండ్రి" అన్నాడు.

"నిండినంక తీస్తం బిడ్డా" అన్నది రూతమ్మత్త.

"మోటరు లారీల ఉన్నది గదమ్మా, నీళ్లెట్ల వస్తయ్?"

"మేం గూడ గదే అడుగుతున్నం."

కాంట్రాక్టరు కోపంగా వచ్చాడు. "పోలీసులను పిలుస్త."

"పిలువు సారు. వాళ్లు గూడ లైన్లనే నిలబడాలె" అన్నది మా అవ్వ.

"తొక్కించుకుంట పోనియ్యి" అన్నాడు కాంట్రాక్టరు డ్రైవరుతో.

"నువ్వే నడుపు సార్. లైన్ల పెట్టిన బిందెను ముట్టుకుంటే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది" అని డ్రైవరు గోడ నీడలో కూర్చుని బీడీ ముట్టించాడు.

ఎండ నెత్తిమీదికొచ్చింది. ఒక్క బిందె కదల్లేదు. కాంట్రాక్టరు ఎవరికో ఫోన్ చేశాడు, కాసేపు అరిచాడు... చివరికి మోటరు దింపించాడు. మిల్లు మూసినప్పటి నుంచి గడప దాటని మా బాపు పానా పట్టుకుని లోపలికెళ్లి బిగించాడు. మొదటి నీళ్లు రూతమ్మత్త ఆ డ్రైవరు సీసాలోనే పట్టింది.

ఇప్పుడు హైదరాబాద్‌ వెళ్లినప్పుడు మా ఊరి పేరు చెబితే, "అదెప్పుడో చచ్చిపోయిన ఊరు కదా" అంటారు. చచ్చింది మిల్లు. మేం అక్కడే ఉన్నాం, ఇంకా ఉంటాం.

కాకపోతే... ఇంటింటికీ నల్లా వచ్చింది. తలుపులు వేసుకుని ఎవరి నీళ్లు వాళ్లు పట్టుకుంటున్నాం. రేపు ఎవరైనా వచ్చి ఇంకేదైనా ఎత్తుకుపోతుంటే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో తెలియదు. మాది మాత్రం తెరుచుకుంటుంది.

మీ ఊళ్లో అలా అడ్డం నిలబడిన ఆడవాళ్లు ఎవరు? 'ఎవరో ఒకావిడ' అనొద్దు... పేరు పెట్టి రాయండి.